దాచిన చూపు... దొరకని సినిమా

పోయిన వేసవిలో ఒక కథ రాశాను. చూపు పోతున్న ఒక భర్త, ఆ సంగతి తెలిస్తే భార్య తట్టుకోలేదని ఆఖరిదాకా దాచిపెడతాడు. ఆయన పోయాక గానీ ఆవిడకు తెలియదు. కథ చివర్లో ఆవిడ ఆయన కళ్ళజోడు గుండెలకు హత్తుకుని ఏడుస్తుంది. రాస్తున్నప్పుడు నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి. మనం రాసింది మనకే ఏడుపు తెప్పించిందంటే కథ బ్రహ్మాండంగా వచ్చినట్టేనని రాసేవాళ్ళకి ఒక భ్రమ!

అచ్చుకు పంపేముందు ఇద్దరికి చదివి వినిపించడం నా అలవాటు. ఒకరు మా అత్తయ్యగారు. రెండో మనిషి నాతో డిగ్రీ చదువుకున్న స్నేహితురాలు, ఇప్పుడు ఇంగ్లీషు లెక్చరరు. ఫోన్లో కథంతా ఓపిగ్గా విని, "బాగానే ఉందే. కానీ ఇలాంటి కథ వందేళ్ళ కిందటే సినిమాగా తీసేశారు. ఆ సినిమా కూడా ఇప్పుడు లేదులే, పోయింది" అంది.

అత్తయ్యగారు మాత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. గిన్నె పట్టుకుని లేస్తూ, "ఆవిడకు తెలీదని నీకెవరు చెప్పారే?" అన్నారు. అంతే, వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఈ రెండు మాటలూ నా బుర్రలో ఉండిపోయాయి. కథ పంపడం మానేసి, ముందు ఆ సినిమా సంగతేమిటో చూద్దామని కూర్చున్నాను. సినిమా కథగా మొదలుపెట్టింది చివరికి మా ఇంటి కథ దగ్గర తేలింది. అదే మీతో చెప్పుకుందామని...

ఆలన్, కిట్టీ, జెరాల్డ్

ఆ సినిమా పేరు 'ది డార్క్ ఏంజెల్'. 1925లో అమెరికాలో శామ్యూల్ గోల్డ్‌విన్ నిర్మించిన మూకీ చిత్రం. దర్శకుడు జార్జ్ ఫిట్జ్‌మారిస్. హీరో రొనాల్డ్ కోల్మన్, హీరోయిన్ విల్మా బాంకీ. కథ మాత్రం ఇంగ్లండులో, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జరుగుతుంది.

కెప్టెన్ ఆలన్ ట్రెంట్ సెలవు మీద ఇంటికొస్తాడు. కిట్టీ వేన్ అనే అమ్మాయితో పెళ్ళి నిశ్చయమైంది. ఇంతలో ఉన్నపళంగా యుద్ధానికి తిరిగి రమ్మని కబురు. పెళ్ళి లైసెన్సు తెచ్చుకునే వ్యవధి కూడా లేదు. తెల్లారితే వెళ్ళిపోవాలి. ఆ రాత్రి ఇద్దరూ ఒక పల్లెటూరి సత్రంలో భార్యాభర్తల్లా గడుపుతారు. 1925లో తెరమీద ఈ మాట చెప్పడం చిన్న సాహసం కాదు.

యుద్ధంలో ఆలన్‌కు రెండు కళ్ళూ పోతాయి. జర్మన్లకు బందీగా చిక్కుతాడు. ఇంటికి మాత్రం చనిపోయాడని కబురొస్తుంది. దుఃఖంలో ఉన్న కిట్టీకి ఆలన్ స్నేహితుడు కెప్టెన్ జెరాల్డ్ షానన్ తోడుగా నిలుస్తాడు. తొందరపెట్టడు, నెమ్మదిగా ఆమె మనసుకు దగ్గరవుతాడు. యుద్ధం ముగుస్తుంది. అప్పుడు తెలుస్తుంది జెరాల్డ్‌కి... ఆలన్ బతికే ఉన్నాడు! ఇంగ్లండులో ఎక్కడో మారుమూల ఊళ్ళో, పిల్లల కథలు రాసుకుంటూ పొట్టపోసుకుంటున్నాడు. తన గుడ్డితనం కిట్టీకి బరువు కాకూడదని చనిపోయినవాడిలాగే ఉండిపోయాడు.

జెరాల్డ్ వెళ్ళి కిట్టీకి నిజం చెప్పేస్తాడు. ఆమె పరుగున వస్తుంది. ఆలన్ చూపున్నవాడిలా నటిస్తాడు. "నాకు నీమీద ఇప్పుడు ప్రేమ లేదు" అనేస్తాడు. కిట్టీ ఆ నాటకాన్ని కనిపెట్టేస్తుంది. ఇద్దరూ ఒకటవుతారు.

ఇదంతా చదువుతుంటే మీకు మన 'ప్రేమాభిషేకం' గుర్తు రాలేదూ? 1981లో అక్కినేని కాన్సర్ సంగతి దాచి, శ్రీదేవి తనను అసహ్యించుకునేలా నటించి, ఆమెకు వేరే పెళ్ళి జరిగేలా చేస్తే రాష్ట్రమంతా ఏడ్చింది. మా అమ్మ తరంవాళ్ళు ఇప్పటికీ ఆ సినిమా పేరెత్తితే చెంగు వెతుక్కుంటారు. రుమాల్లో రక్తం దగ్గి జేబులో దాచేసుకునే హీరోలు మనకెంతమంది లేరు! మంచివాడంటే మనసులో ఉన్నది చెప్పనివాడు, త్యాగమంటే దాచడం... ఇది మనకు ఉగ్గుపాలతో వచ్చిన పాఠం. నా కథ కూడా ఆ తానులో ముక్కే.

జరీ చీరలూ, సినిమా రీళ్ళూ

సరే, సినిమా చూద్దామంటే లేదు. ఒక్క కాపీ కూడా మిగల్లేదు. పోస్టర్లూ, ఫొటోలూ, అప్పటి పత్రికల్లో వచ్చిన సమీక్షలూ మిగిలాయి. కథ మనకు తెలుస్తున్నదంటే అవన్నీ ఉండబట్టే.

ఒక సినిమా మొత్తానికి మొత్తం ఎలా పోతుంది? నాకూ ఇదే సందేహం వచ్చింది. చదువుతుంటే మా అమ్మ పెళ్ళిచీర గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మా వీధిలోకి "పాత పట్టుచీరలు కొంటాం... జరీ చీరలు కొంటాం..." అంటూ కేకేసుకుంటూ వచ్చేవాళ్ళు. మడతల్లో చిరిగిపోయిన తన పెళ్ళిచీర అమ్మ అలాగే ఇచ్చేసింది. వచ్చిన డబ్బుతో స్టీలు డబ్బాలు కొంది. ఆ చీరను ఏం చేస్తారని అడిగితే, "కాలుస్తారు. బట్ట బూడిదైపోయి జరీలో వెండి మిగుల్తుంది" అంది. చీరలో ఎవరు పెళ్ళి చేసుకున్నారో, ఆ రోజు వాన కురిసిందో లేదో కొలిమికి అక్కర్లేదు. వెండి ఎన్ని తులాలన్నదే లెక్క.

సినిమా ఫిల్ముమీద కూడా వెండి ఉంటుంది. బొమ్మ పడేది వెండి కలిసిన పూతమీదే. 1927లో 'ది జాజ్ సింగర్' వచ్చి సినిమా మాటలు నేర్చాక మూకీలను అడిగేవాళ్ళు లేకపోయారు. గోదాముల్లో పెట్టుకుంటే అద్దె దండగ. దాంతో బోలెడన్ని రీళ్ళు వెండికోసం కరిగించారు, కొన్ని పారేశారు. మిగిలినవాటికి ఇంకో గండం... ఆ రోజుల్లో ఫిల్మును సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసేవాళ్ళు. అది ఊరికే అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు, మండటానికి కావలసిన ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది. అంటుకోకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ జిగటగా మారి, ఆఖరికి పొడై రాలిపోతుంది. 1937లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని లిటిల్ ఫెర్రీ అనే ఊళ్ళో ఫాక్స్ కంపెనీ గోదాము తగలబడి ఆ కంపెనీ మూకీ సినిమాలు చాలామటుకు బూడిదయ్యాయి.

అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ఒక లెక్క బయటపెట్టింది. 1912 నుంచి 1929 దాకా అక్కడ విడుదలైన పెద్ద మూకీ చిత్రాలు దాదాపు 11 వేలు. మొదట విడుదలైన రూపంలో, పూర్తిగా మిగిలినవి నూటికి 14 మాత్రమే. నూటికి 70 వంతులు అసలు ఆనవాలే లేకుండా పోయాయి.

వాళ్ళ సంగతి అలా ఉంచండి. మన దేశంలో 1,300కు పైగా మూకీలు తీస్తే, ముక్కలూ చెక్కలతో కలిపి లెక్కేసినా మిగిలినవి 30 దాకానే. మన తెలుగువాడు రఘుపతి వెంకయ్యనాయుడు మద్రాసులో గెయిటీ థియేటరు కట్టి, కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్యకోసం విదేశాలకు పంపి, 1920ల మొదట్లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీయించారు. తండ్రి ప్రేమకోసం కొడుకు చేసిన త్యాగం కథ. ఆ సినిమా కూడా ఇవాళ లేదు. అంటే మన మొదటి సినిమా పేరు మనకు గుర్తుంది గానీ, ఆ మొహం మనం చూసి ఎరగం.

అందరూ దాచినవాళ్ళే!

'డార్క్ ఏంజెల్' గురించి వెతుకుతుంటే నాకు చిత్రంగా తోచిన విషయం ఇంకొకటి. ఆ సినిమా చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఏదో ఒకటి దాచినవాళ్ళే.

మొదట ఇది నాటకం. రాసినాయన పేరు హెచ్.బి. ట్రెవెల్యన్ అని వేశారు. అసలు అలాంటి మనిషే లేడు. హాస్య నాటకాలకూ, పాటల నాటకాలకూ పేరుపడ్డ గై బోల్టన్ ఆ మారుపేరు వెనక దాక్కున్నాడు.

హీరో రొనాల్డ్ కోల్మన్ నిజంగా యుద్ధానికి వెళ్ళినవాడు. 1914 అక్టోబరులో బెల్జియంలోని మెసీన్ దగ్గర ఫిరంగి గుండు ముక్క తగిలి కాలి చీలమండ దెబ్బతింది. నడకలో కొద్దిగా కుంటు మిగిలిపోయింది. తర్వాత సినిమాల్లో ఎన్నేళ్ళున్నా ఆ కుంటు తెరమీద కనిపించకుండా జాగ్రత్తపడుతూనే వచ్చాడు. కుంటు దాచుకునే మనిషి, గుడ్డితనం దాచే మనిషిగా నటించాడన్నమాట! ఆ గదిలో అడుగెలా వెయ్యాలో అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

హీరోయిన్ విల్మా బాంకీ హంగేరీ దేశపు పిల్ల. గోల్డ్‌విన్ బుడాపెస్ట్‌లో చూసి తీసుకొచ్చాడు. అమెరికాలో ఆమెకు ఇదే మొదటి సినిమా. వచ్చిన కొత్తల్లో ఇంగ్లీషు సరిగ్గా రాదు. అయినా ఏ ఇబ్బందీ లేదు, మూకీ కదా! కోల్మన్‌తో మొత్తం అయిదు సినిమాల్లో జంటగా వెలిగింది. సినిమా మాటలు నేర్చాక మాత్రం ఆమె యాస అడ్డొచ్చింది. 1930ల మొదట్లోనే తెరకు దూరమైపోయింది. 1991 మార్చిలో పోయింది. ఆ కబురు లోకానికి తెలిసింది 1992 చివర్లో! జబ్బుపడ్డ రోజుల్లో తనను చూడడానికి ఎవరూ రాలేదన్న బాధతో, చావు సంగతి బయటపెట్టొద్దని చెప్పిందంటారు. ఒకప్పుడు లోకమంతా చూసిన మొహం... పోయిందని ఏడాదిన్నర పైగా ఎవరికీ తెలియలేదు.

ఈ గుంపులో దాపరికం లేని మనిషి ఒకావిడ కనిపించింది నాకు. స్క్రీన్‌ప్లే రాసిన ఫ్రాన్సెస్ మారియన్. మొదటి ప్రపంచయుద్ధంలో ఆడవాళ్ళు చేస్తున్న పనులను చూసి రాయడానికి 1918లో యూరప్ వెళ్ళొచ్చిన మనిషి. 'ది బిగ్ హౌస్' సినిమాకు 1930లో ఆస్కార్ అందుకుంది. రచనకు ఆస్కార్ అందుకున్న మొదటి మహిళ ఆవిడే. యుద్ధంలో ఆడవాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదని కళ్ళారా చూసినావిడ గనక, కిట్టీని మోసపోయే బొమ్మలా కాక, కనిపెట్టే మనిషిగా రాసి ఉంటుందని నేననుకుంటాను.

1935లో ఇదే కథను మాటలతో మళ్ళీ తీశారు. నిర్మాత గోల్డ్‌విన్ అయినా దర్శకుడూ నటులూ వేరు. ఇది మిగిలింది. ఇందులో కిట్టీగా వేసిన మెర్ల్ ఒబెరాన్ మన బొంబాయిలో పుట్టి కలకత్తాలో పెరిగిన ఆంగ్లో ఇండియన్ పిల్ల! ఈ పాత్రకే ఆమెకు ఉత్తమనటి ఆస్కార్ నామినేషను వచ్చింది. ఆమె ఫలానా అని తెలిస్తే హాలీవుడ్‌లో హీరోయిన్ వేషాలు ఇవ్వని రోజులవి. అందుకని ఆస్ట్రేలియా దగ్గర టాస్మేనియా ద్వీపంలో పుట్టానని చెప్పుకుంది. తనను పెంచిన ఛాయ తక్కువ మనిషిని ఇంటికొచ్చిన వాళ్ళకి పనిమనిషిగా చూపించేదంటారు. 1979లో చనిపోయేదాకా ఆ అబద్ధంతోనే బతికింది. ఆమె పోయాక, 1983లో వెలువడిన జీవితచరిత్రతో గానీ నిజం బయటపడలేదు. 2023లో మిషెల్ యో ఉత్తమనటి ఆస్కార్ గెలిచినప్పుడు, ఆసియా మూలాలతో ఆ నామినేషను మొదట అందుకున్నది మెర్లేనని పత్రికలన్నీ గుర్తుచేసుకున్నాయి. బతికుండగా ఆ మాట ఎవరైనా అంటారేమోనని భయపడిన మనిషికి, పోయిన నలభై నాలుగేళ్ళకు అదే మాట గౌరవమైంది!

అత్తయ్యగారి ముగ్గు

ఆ 1935 సినిమా మా అబ్బాయి వెతికి కంప్యూటర్లో పెట్టాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లీషు మాటలు తెలుగులో చెబుతూ చూశాను. మామయ్యగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు.

ఇక్కడ మీకు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మామయ్యగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళ కిందట ఒక పెళ్ళికి వెళ్ళాం. కొత్త చోటు, కల్యాణమండపం మెట్లు ఆయనకు అలవాటు లేవు. దిగుతూ పడిపోయారు. మణికట్టు విరిగింది. మెట్టు కనిపించలేదని అప్పుడు ఒప్పుకున్నారు. కంటి డాక్టరు చూసి, నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు. పేపరు చదువుతున్నారు కదా అంటే, ఆ జబ్బు లక్షణమే అదట. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కల చూపు ముందు పోతుంది, నొప్పీ ఉండదు. పోయిన చూపును ఏ మందూ తిరిగి తేలేదు. ఉన్నదాన్ని మాత్రం కాపాడుకోవచ్చు. "రెండేళ్ళు ముందొచ్చి ఉంటే ఇంకా చాలా మిగిలేదండీ" అన్నారు డాక్టరు. ఆ ముక్క విన్నప్పుడు అత్తయ్యగారి మొహం నేను చూడలేకపోయాను.

రెండేళ్ళకు పైగా మామయ్యగారు ఎవరికీ చెప్పలేదు. మంచం నుంచి బాత్రూముకు పధ్నాలుగు అడుగులు, వరండాకు ఇరవై ఒకటి... ఇల్లంతా లెక్కపెట్టుకుని తిరిగారట. లెక్కల మాస్టారు కదా! "చెబితే మీ అత్తయ్య బెంగపెట్టుకుంటుందమ్మా" అన్నారు నాతో. నా కథ పుట్టింది ఆ మాటలోంచే. నాకది ఎంతో గొప్పగా తోచింది మరి!

సినిమాలో ఆలన్ మారుపేరుతో ఉంటాడు. కిట్టీ వస్తోందని తెలిసి, గదిలో ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, తడుముకోకుండా అటూ ఇటూ తిరుగుతూ చూపున్నట్టు నటిస్తాడు. ఆ సన్నివేశం వచ్చేసరికి అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆపవే కాస్త" అన్నారు. ఆపాను.

"వరండా మెట్లకి అంచు పొడుగునా తెల్లగా ముగ్గుగీత వేసేదాన్ని గుర్తుందా?"

గుర్తులేకేం! రోజూ పొద్దున్నే నాలుగు మెట్లకీ అంచుల వెంట లావుపాటి గీతలు గీసేవారు. పండగలేదు పబ్బం లేదు, ఏమిటీ చాదస్తమని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

"మీ మామయ్యగారికి మెట్టు ఎక్కడ దిగుతుందో తెలియాలని. పక్కనున్న బిందె తన్నుకున్న రోజే నాకు తెలిసిపోయింది. మర్నాటి నుంచి బిందె మార్చేశాను. స్టూలు జరిపిందని పనిమనిషిని కేకలేసింది కూడా అందుకే."

నాకు నోట మాట రాలేదు.

"మరి ఎందుకు అడగలేదత్తయ్యా?"

"ఆయన దాచుకుంటున్నారు కదా, అడిగితే చిన్నబుచ్చుకుంటారని..." అని ఆగిపోయారు. కాసేపటికి, "ఆయన నాకోసం దాచారు. నేను ఆయనకోసం తెలీనట్టున్నాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం, కన్ను పోయింది" అన్నారు.

అప్పుడర్థమైంది నాకు, చిక్కుడుకాయల గిన్నెతో లేస్తూ ఆవిడ అన్న మాట. నా కథలో భర్త త్యాగానికి పేజీలు పేజీలు రాశాను. భార్యకు మాత్రం చివర్లో ఏడవడం తప్ప పనే పెట్టలేదు. పాతికేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే కంచం గిన్నె మధ్య తిరిగిన మనిషికి ఏమీ తెలియదని రాసేశాను!

ఏది త్యాగం?

మిగతా సినిమా చూశాం. తర్వాత ఆవిడకు పాత మూకీ కథ కూడా చెప్పాను. విని, "ఆ జెరాల్డు ఉన్నాడే, వాడే మగాడు" అన్నారు.

"ఆలన్ కాదా అత్తయ్యా?"

"ఆలనేం చేశాడూ? ఈ పిల్ల ఏం భరించగలదో ఏం భరించలేదో తనే తేల్చేశాడు. ఆ పిల్లనడిగాడా? జెరాల్డు చూడు, నోరు మూసుకుంటే తన పెళ్ళి తనకు అయిపోయేది. చెబితే దక్కదని తెలిసీ చెప్పాడు. ఇక నీ ఇష్టం తల్లీ అన్నాడు. అదీ!"

డిగ్రీ చదివి, పదిహేనేళ్ళుగా కథలు రాస్తున్న నాకు తట్టని ముక్క, ఎనిమిదో క్లాసుతో చదువు ఆపేసిన ఆవిడకు తట్టింది. ఆ కథలో త్యాగాలు రెండు. ఒకటి దాచడం, రెండోది చెప్పడం. మన సినిమాలూ కథలూ మొదటిదానికే దండలు వేశాయి. రెండోదాన్ని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు, పక్కపాత్ర కింద వదిలేశారు.

నిజానికి కళ్ళు పోయిన సైనికుడికి బతుకు లేదన్నది ఆలన్ భయమే గానీ లోకం తీరు కాదు. ఆ యుద్ధం జరుగుతున్నప్పుడే, 1915లో, తనూ చూపు కోల్పోయిన పత్రికాధిపతి ఆర్థర్ పియర్సన్ లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ అనే సంస్థ పెట్టాడు. యుద్ధంలో కళ్ళు పోయినవాళ్ళకి బ్రెయిలీ చదవడం, టైపు, మర్దన వైద్యం, కోళ్ళ పెంపకం నేర్పారు. ఎందరో మళ్ళీ తమ కాళ్ళమీద నిలబడ్డారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో మన సైనికులకోసం డెహ్రాడూన్‌లో కూడా ఇదే పేరుతో ఒక కేంద్రం వెలిసింది. అంటే చూపు పోయిన మనిషిని ప్రేమించడానికి కిట్టీలు సిద్ధంగానే ఉన్నారన్నమాట. వాళ్ళనడగాలి, అంతే!

మన ఆడవాళ్ళం మాత్రం తక్కువ తిన్నామా? ఛాతీలో గడ్డ తగిలితే, "పిల్ల పరీక్షలవనీ", "ఆయనకు ప్రమోషను టైము" అని నెలల తరబడి దాచుకునే అక్కలూ పిన్నులూ మనకు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఆలన్ చేసిన పనే మనమూ చేస్తున్నాం. ఇంటిల్లిపాదికీ ఏది మంచిదో మనమే తేల్చేసి, వాళ్ళకు ఆ అవకాశం లేకుండా చేస్తున్నాం. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి, "రెండేళ్ళు ముందొచ్చి ఉంటే" అనే మాట వినాల్సి వస్తుంది.

అందుకని మీకు ఒక చిన్న మాట. నలభై దాటినవాళ్ళు ఇంట్లో ఎవరున్నా, చూపు బాగానే ఉందనుకున్నా సరే, ఒకసారి కంటి ప్రెషరూ, కంటి నరమూ పరీక్ష చేయించండి. నీటికాసులు రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువట. మామయ్యగారికి తేలాక మావారినీ, ఆడపడుచునూ తీసుకెళ్ళి చూపించాం. ఆడపడుచుకు మొదట్లోనే పట్టుకున్నారు, చుక్కల మందు వేసుకుంటోంది. చూపు ఏమాత్రం తగ్గలేదు. మామయ్యగారి మణికట్టు విరిగినందుకు జరిగిన మేలు అదొక్కటే.

నా కథ సంగతి చెప్పలేదు కదూ! మళ్ళీ మొదట్నుంచీ రాశాను. ఈసారి భర్త పోడు. భార్య ఒకరోజు పొద్దున్నే మెట్లకి ముగ్గుగీతలు వేసి, లోపలికొచ్చి, "ఏమండీ, మీకు కనిపించడం లేదని నాకు తెలుసు. పదండి డాక్టరు దగ్గరికి" అంటుంది. కథ అక్కడే మొదలవుతుంది. అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఈనెలు తీయడం ఆపి విన్నారు. వరండాలోంచి మామయ్యగారు కూడా వింటున్నారని మాకు తెలియదు. అయిపోయాక, "బిందె మార్చింది నువ్వేనన్నమాట! నేను అడుగులు తప్పు లెక్కపెట్టాననుకున్నాను" అని ఒకటే నవ్వు.

అత్తయ్యగారు నవ్వలేదు. లేచి వెళ్ళి చుక్కల మందు సీసా తెచ్చారు. "కబుర్లు తర్వాత, తల పైకెత్తండి" అన్నారు.

1925 నాటి ఆ సినిమా ఎప్పుడైనా, ఎక్కడైనా ఏ పాత పెట్టెలోనో దొరికితే బాగుండును. అలా దొరికిన సినిమాలు లేకపోలేదు. కిట్టీ ఆ నాటకాన్ని ఎలా కనిపెట్టిందో, కనిపెట్టినప్పుడు విల్మా మొహంలో ఏం కనిపించిందో నాకు చూడాలని ఉంది. ఆ మొహం మనకు దొరక్కపోవచ్చు. మన ఇంట్లో మనల్ని చూస్తూ, తెలిసీ తెలియనట్టున్న మొహాలు మాత్రం ఎదురుగానే ఉన్నాయి. ఈ రాత్రి అన్నాలయ్యాక, ఇన్నాళ్ళూ దాచుకున్నదేదైనా ఉంటే వాళ్ళకు చెప్పేయకూడదూ?